పన్నెండేళ్లకు గెలిచిన అజర్

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల కాలేజీకెళ్లే బస్సులో క్రికెట్ గొడవ మామూలే. ఆటగాడిపై ఆరోపణ వస్తే చాలు, నంద్యాల బస్టాండ్ వచ్చేలోపు శిక్ష కూడా ఖరారైపోతుంది! అజారుద్దీన్ కేసు తెలిస్తే కాస్త ఆగుతారేమో.

ఈ హైదరాబాదీ 2000 మార్చిలో బెంగళూరులో దక్షిణాఫ్రికాపై సెంచరీ కొట్టాడు. అది 99వ టెస్టు. వందోది ఆడనేలేదు. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై సీబీఐ నివేదిక, ఆ వెంటే బోర్డు విచారణ, డిసెంబరు 5న జీవితకాల నిషేధం. కోర్టుకెళ్తే మొదట ఓటమే. చివరికి 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తేల్చింది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. తీర్పు వచ్చింది గానీ, బ్యాటు పట్టే వయసేదీ?

ఆటగాళ్ల సంగతి మనకెందుకంటారా? రేపు ఉద్యోగంలో చేరాక, ఏదో ఫిర్యాదు వచ్చిందని హెచ్‌ఆర్ పిలిచి 'రిజైన్ చేసెయ్' అనొచ్చు. కంగారులో అక్కడికక్కడే సంతకం పెట్టేయకండి. ఆరోపణ ఏంటో రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఆధారాలు చూపమనండి, జవాబుకు గడువు అడగండి. షోకాజ్ నోటీసు వస్తే ఉద్యోగం ఊడినట్టు కాదు, మీ వాదన చెప్పుకోమని అడిగినట్టు. జవాబు కాపీ ఒకటి దగ్గర ఉంచుకోండి.

అన్నట్టు, ఆఫర్ లెటర్‌లో జీతం అంకె చూడగానే మనం చదవడం ఆపేస్తాం. ప్రొబేషన్‌లో ఎన్ని రోజుల నోటీసుతో తీసేయొచ్చో ఆ తర్వాతి పేజీల్లోనే ఉంటుంది.