పాతబస్తీ డాబా మీద గడ్డపూలు: మట్టి కలపడం, నీళ్లు పెట్టడం

కుండీల్లో వేసిన గడ్డల్లో ఎండిపోయి చచ్చేవి తక్కువ, కుళ్లిపోయి చచ్చేవి ఎక్కువ. ఉల్లిగడ్డలాగే ఈ మొక్కలన్నీ తమకు కావలసిన నీటినీ తిండినీ ముందే దాచిపెట్టుకుని ఉంటాయి. నీడన ఆరబెట్టిన గడ్డ నెలల తరబడి చెక్కుచెదరదు. అదే గడ్డ గాలాడని తడిమట్టిలో ఉంటే కొద్దిరోజులకే అడుగుభాగం మెత్తబడుతుంది. వేళ్లు పుట్టేది ఆ అడుగునుంచే కాబట్టి అది పోతే మొక్క పోయినట్టే. అందుకే కుండీకి మట్టి కలిపేటప్పుడు అది నీటిని ఎంత పట్టి ఉంచుతుందన్నదాని కన్నా ఎంత త్వరగా వదులుతుందన్నదే ముందు చూసుకోవాలి.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ జాతి పూలకు కొదవలేదు. చార్మినార్ చుట్టుపక్కల పూలమ్మే బండ్ల మీద గులాబీ, చామంతి పక్కన తెల్లగా కనిపించే లిల్లీ గడ్డపువ్వే. నేలసంపెంగ, రజనీగంధ, గుల్-ఎ-షబ్బో అన్నీ దాని పేర్లే. పుట్టిల్లు మెక్సికో. పేరుకు లిల్లీ అయినా శాస్త్రజ్ఞులు ఇప్పుడు దీన్ని కిత్తనార ప్రజాతిలో చేర్చారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ప్రజ్వల్, శృంగార్ వంటి ఒంటిరేకు రకాలు, సువాసిని, వైభవ్ వంటి ముద్ద రకాలు నర్సరీల ద్వారా ఇళ్లకూ చేరాయి. ఇవి కాక వానలిల్లి, అమరిల్లిస్, ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ, గ్లాడియోలస్, రంగురంగుల ఆకుల కెలాడియం కూడా ఇక్కడి ఇళ్లలో కనిపిస్తాయి. కచ్చితంగా చెప్పాలంటే చివరి రెండూ గడ్డలు కావు, దుంపల కోవలోకి వస్తాయి. మట్టి, నీళ్ల విషయంలో మాత్రం తేడా స్వల్పం. తులిప్ సంగతి వేరు. దాని గడ్డకు మూడు నెలలకు పైగా గట్టి చలి కావాలి. హైదరాబాద్ డిసెంబర్ ఆ చలి ఇవ్వలేదు. శీతలగదిలో ఉంచి అమ్మే గడ్డలు ఒక్కసారి పూస్తే పూయవచ్చు గానీ, మరుసటి ఏడు ఆశ పెట్టుకోనక్కర్లేదు.

నేలలో నీరు కిందికి దిగుతూ పోతుంది. కుండీలో అలా పోదు. తడిసిన స్పాంజిని అడ్డంగా పట్టుకుంటే నీళ్లు కాసేపు కారి ఆగిపోతాయి. దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ కారతాయి. కుండీలో మట్టిదీ ఇదే తీరు. అడుగున రంధ్రం ఉన్నా, అట్టడుగు మట్టిలో కొంత నీరు కారకుండా నిలిచే ఉంటుంది. ఆ తడిపొర ఎంత మందాన ఉంటుందన్నది మట్టిరేణువుల సైజును బట్టి ఉంటుంది. కుండీ పొడుగైనా పొట్టిదైనా ఆ మందం మారదు. లోతు తక్కువ కుండీలో వేస్తే గడ్డ దాదాపు ఆ తడిలోనే కూర్చుంటుంది. లిల్లీకీ అమరిల్లిస్‌కూ కనీసం పది అంగుళాల లోతు చూసుకోవాలి. వానలిల్లికి ఆరేడు అంగుళాలైనా సరిపోతుంది.

ఇక్కడ ఒక పాత అలవాటును వదిలించుకోవాలి. నీరు బాగా పోతుందని కుండీ అడుగున పెంకులో కంకరో మందంగా పరుస్తారు. జరిగేది వేరు. సన్నమట్టిలోని నీరు దాని కింద ఉన్న పెద్ద సందుల్లోకి అంత తేలిగ్గా దిగదు. తడిపొర కంకర పైన నిలిచి, గడ్డకు ఇంకా దగ్గరవుతుంది. పైగా కంకర మింగిన మేరకు మట్టి లోతు తగ్గుతుంది. రంధ్రం మీద ఒక్క పెంకుగానీ, చిన్న దోమతెర ముక్కగానీ వేస్తే చాలు. తక్కిన బాధ్యతంతా మట్టిదే.

హైదరాబాద్ కూర్చున్నది గ్రానైటు మీద. ఆ రాయి అరిగి తయారైన ఎర్రటి చెల్కమట్టిలో సహజంగానే ఇసుక ఉంటుంది. గడ్డలకు ఇది మంచి ఆధారం. అయితే సంచుల్లో అమ్మే ఎర్రమట్టి అంతా చెల్కమట్టి కాదు. పునాదులు తవ్విన లోతుమట్టి కూడా అందులో కలుస్తుంది. తడిపి పిడికిట్లో నొక్కి చూస్తే విషయం తెలిసిపోతుంది. వేలితో తట్టగానే ముద్ద విడిపోతే మంచి మట్టి. జిగటగా సాగి రిబ్బనులా వస్తే బంకమట్టి ఎక్కువని అర్థం. అందులో ఇసుక పాలు పెంచాలి. నల్లరేగడి అసలు వద్దు. తడిస్తే ఉబ్బి గాలిని మూసేస్తుంది, ఆరితే నెర్రెలు విచ్చి వేళ్లను తెంపుతుంది.

కొలత తట్టతో వేసుకోవచ్చు. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువుగానీ వర్మీ కంపోస్టుగానీ ఒక పాలు, వరి ఊక అర పాలు. కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే వేరుపురుగు బెడద తగ్గుతుంది. ఇసుక విషయంలో జాగ్రత్త కావాలి. కట్టడాల దగ్గర ఊడ్చి తెచ్చిన ఇసుకలో సిమెంటు ఉంటుంది. అది మట్టిని క్షారంగా మారుస్తుంది. ఇప్పుడు నగరంలో ఎక్కువగా దొరికే రోబో శాండ్ గ్రానైటును పొడి చేసిందే. వాడవచ్చు గానీ, జల్లెడ పట్టి, సన్న దుమ్మును కడిగెయ్యాలి. లేకపోతే ఆ దుమ్మే సందులన్నీ పూడ్చి మట్టిని గట్టిపరుస్తుంది. పచ్చిపేడ, పచ్చి కోళ్ల ఎరువు గడ్డ దగ్గరికి రానివ్వకూడదు.

ఈమధ్య నర్సరీల్లో ప్రతి మొక్కకూ కోకోపీటే మందు అన్నట్టు చెబుతున్నారు. ఆకుమొక్కలకు అది బాగానే ఉంటుంది. గడ్డలకు అదొక్కటే పెడితే ముసురు పట్టిన రోజుల్లో ఎప్పటికీ ఆరదు. పాతబస్తీలో మాత్రం దాన్ని పూర్తిగా కాదనలేం. డంగుసున్నంతో, దూలాలతో కట్టిన పాత ఇళ్ల కప్పుల మీద తడిమట్టి కుండీలు వరసగా పేర్చడం ప్రమాదం. అలాంటి చోట మట్టి తగ్గించి నాలుగో వంతు కోకోపీట్, మరికాస్త ఊక కలపాలి. కుండీలను కప్పు మధ్యలో కాకుండా గోడల మీదుగా ఉండేలా పెట్టాలి. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండుమూడు నీళ్లకు కడిగి పిండాకే కలపాలి.

మట్టికుండీ తన గోడల గుండా కూడా నీటిని వదులుతుంది. జులై నుంచి సెప్టెంబర్ దాకా ఈ గుణమే గడ్డను కాపాడుతుంది. మే నెలలో అదే కుండీ పొద్దున పోసిన నీటిని సాయంత్రానికల్లా ఆరబెట్టేస్తుంది. ప్లాస్టిక్ కుండీ సరిగ్గా దీనికి ఎదురు. కాలే డాబా మీద దేన్నయినా నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద ఉంచితే వేళ్లకు వేడి తగ్గుతుంది, రంధ్రమూ మూసుకుపోదు. ఎండ చాలని లోపలి వాకిళ్లలో లిల్లీ ఆకులే వేస్తుంది తప్ప పూయదు. దానికి రోజుకు ఐదారు గంటల ఎండ తప్పనిసరి. అలాంటి నీడపట్టుకు ఫుట్‌బాల్ లిల్లీ, కెలాడియం తగినవి.

ఇక నీళ్లు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. దశాబ్దాల పాటు ఊరంతా తాగింది ఆ నీళ్లే. తర్వాత మంజీరా, కృష్ణా నీళ్లు తోడయ్యాయి. నల్లా నీళ్లు మొక్కలకు భేషైనవి. అందులో కలిపే క్లోరిన్‌తో గడ్డలకు నష్టం లేదు. రోజు విడిచి రోజు వచ్చే నల్లా కోసం సంపులో, డ్రమ్ముల్లో పట్టుకునే నీళ్లకైతే ఆ మాత్రం ఘాటు కూడా మిగలదు. చిక్కంతా బోరునీళ్లతోనే. కుండీ అంచున తెల్లటి పొర పేరుకుంటే నీళ్లలో లవణాలు ఎక్కువని గుర్తు. కొత్త ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు పడితే, ఆ నీటి వల్ల మట్టి క్షారమై మొక్కకు ఇనుము అందడం లేదన్నమాట. నెలకోసారి నల్లా నీళ్లో వాననీళ్లో దండిగా పోసి అడుగునుంచి పోనిస్తే ఉప్పు కడిగేసినట్టవుతుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు బహు తక్కువ, నిరభ్యంతరంగా వాడవచ్చు. ఇంట్లో ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు. తాగేనీటి నుంచి తీసేసిన లవణమంతా అందులోనే ఉంటుంది. పారబోయడం ఎందుకని కుండీలకు పోసేవారు చాలామంది ఉన్నారు.

రోజూ చెంబుడు చిలకరించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. పైమట్టి తడుస్తుంది, కింద వేళ్లకు అందదు. పోసినప్పుడు అడుగునుంచి కారేదాకా పోయాలి. మళ్లీ రెండంగుళాల లోతు ఆరేదాకా ఆగాలి. చీపురుపుల్లను గుచ్చి తీస్తే తడిమట్టి అంటుకు వస్తుంది, పొడిగా వస్తే నీళ్ల వేళ అయినట్టే. మట్టికుండీని వేలిముడితో కొట్టినా తెలుస్తుంది. ఆరినది ఖంగుమంటుంది, తడిసినది మొద్దుగా పలుకుతుంది. నీటిని గడ్డ మెడ మీద కాక కుండీ అంచు వెంబడి పోయాలి. కింద పళ్లెం పెడితే అందులో చేరిన నీటిని వెంటనే పారబోయాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అటువంటి నీళ్లలోనే.

ఎంత పోయాలన్నదానికన్నా ఎప్పుడు ఆపాలన్నది కష్టమైన ప్రశ్న. లిల్లీ గడ్డను ఫిబ్రవరి, మార్చి నెలల్లో రెండంగుళాల లోతున పెట్టి, ఒక్కసారి బాగా తడిపి, మొలక కనిపించేదాకా మట్టి ఆరిపోకుండా మాత్రమే చూడాలి. ఆకులు పెరిగాక, ముఖ్యంగా పూలకాడ లేచేటప్పుడు నీళ్లు తప్పకూడదు. అమరిల్లిస్‌ను భుజాలు పైకి కనిపించేలా నాటాలి. నవంబర్ నుంచి నీళ్లు తగ్గించి, చలికాలమంతా ఆరబెట్టి, పూమొగ్గ తొంగిచూశాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఫుట్‌బాల్ లిల్లీ, కెలాడియం చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతాయి. ఖాళీగా కనిపించే ఆ కుండీకి అలవాటు కొద్దీ నీళ్లు పోయడమే వాటిని చంపుతుంది. గ్లాడియోలస్ తీరు తిరగబడి ఉంటుంది. వానలు వెనకబట్టాక నాటితే చలిలో పూస్తుంది. వానలిల్లికి కావలసింది ఎద్దడి. మూడు వారాలు ఎండగట్టి ఒక్కసారి ముంచెత్తితే కొద్దిరోజుల్లోనే కుండీ నిండా పూలు వస్తాయి.

ఏడాదికి ఇక్కడ కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ముప్పాతిక వంతు దాకా జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడుతుంది. ఆ నెలల్లో కుండీలను గోడ పక్కకో రేకుల కిందికో జరపాలి. అక్టోబర్‌నూ నమ్మకూడదు. 2020 అక్టోబర్ 13న చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా వైపు కాలనీలను ముంచెత్తిన వాన గడ్డలు నిద్రకు సిద్ధమయ్యే వేళే వచ్చింది.

తడిమట్టిలో ఆకులు పసుపు పడితే దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. ముందు గడ్డ తీసి చూడాలి. కుళ్లిన ఉల్లి వాసన వస్తే మెత్తబడ్డ భాగాన్ని గట్టి కండ తగిలేదాకా కోసి, శిలీంధ్రనాశని పట్టించి, నీడలో వారం ఆరబెట్టి, కొత్త మట్టిలో పెట్టాలి. పాత మట్టిని ఇంకో గడ్డకు వాడకూడదు. అడుగు పూర్తిగా పోయిన గడ్డ మీద ఆశ వదులుకోవడమే మంచిది. తీసిన గడ్డల్ని పిల్లలకు అందకుండా పెట్టాలి. అమరిల్లిస్, వానలిల్లి, ఫుట్‌బాల్ లిల్లీ గడ్డలు విషం. బక్రీద్ ముందు డాబా మీద మేకను కట్టే ఇళ్లలో ఈ కుండీల్ని ముందే పక్కకు తీయాలి.

లిల్లీలో ఒక గడ్డ ఒక్కసారే పూస్తుంది. తర్వాతి పూలు దాని పిల్లగడ్డలవి. రెండుమూడేళ్లకోసారి చలికాలం చివర తవ్వి, నాలుగైదు వారాలు ఆరబెట్టి, బొటనవేలి లావు ఉన్నవాటినే మళ్లీ నాటాలి. సన్నవి ఆ ఏడు పూయవు. మొదటిసారి ప్రయత్నించేవారు లిల్లీ జోలికి వెళ్లకుండా పది వానలిల్లి గడ్డలు తెచ్చుకోండి. మట్టి సరిగా కుదిరిందో లేదో ఒక్క వానాకాలంలో అవే చెబుతాయి.