సుత్తి కింద ఎంత ఇనుము ఉండాలి?

కమ్మరం నేర్చుకోవాలని మనసు పడ్డవాళ్లకు కొలిమి పెద్ద చిక్కేమీ కాదు. నాలుగు ఇటుకలు, కాస్త బొగ్గు, చిన్న బ్లోయరు ఉంటే నిప్పు రాజుకుంటుంది. సుత్తి ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. పని ఆగిపోయేది దాగలి దగ్గరే. ఒకవైపు కొమ్ము, సన్నటి నడుము, పైన నున్నటి వెడల్పాటి ముఖం ఉన్న బొమ్మను కార్టూన్లలో చూసి చూసి, దాగలంటే అదేనని స్థిరపడిపోయాం. దాని ధర అడిగాక చాలామంది మళ్లీ ఆ ఊసెత్తరు.

నిజానికి ఆ ఆకారం యూరప్‌లో రూపుదిద్దుకున్నది. మన ఊళ్లలో కమ్మరి నేలమీద కూర్చుని, మొద్దులోకి దిగేసిన చిన్న ఇనుప దిమ్మ మీదే కర్రులు, కొడవళ్లు, గొడ్డళ్లు సాగగొట్టేవాడు. జపాన్ కత్తుల కమ్మరులు వాడేదీ కొమ్ములేని దిమ్మే. 1936లో స్వీడన్‌లోని గాట్లాండ్ దీవిలో పొలం దున్నుతుంటే వైకింగుల కాలం నాటి పనిముట్ల పెట్టె ఒకటి బయటపడింది. అందులోని దాగలులు కూడా చిన్నవే.

అంత చిన్న దిమ్మతో పని ఎలా సాగింది? కాలిన ఇనుము మెత్తగా ఉంటుంది కనుక దానిమీద పడ్డ సుత్తి పెద్దగా ఎగరదు. దెబ్బలోని శక్తిలో కొంత ఇనుమును సాగదీస్తుంది, మిగతాది దాగలిని కదపడానికి పోతుంది. ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రం ప్రకారం, ఇనుముకు దక్కే వాటా తెలియాలంటే దాగలి బరువును దాగలి, సుత్తి రెండింటి బరువుతో భాగిస్తే చాలు. కిలో సుత్తికి కిలో దిమ్మ పెడితే సగం శక్తి వృథా. 10 కిలోల దిమ్మతో 91 శాతం పనికొస్తుంది. 30 కిలోలకు 97, 100 కిలోలకు 99. అంటే 30 నుంచి 100కు ఎగబాకితే దక్కేది రెండు శాతమే! ఇది దాగలి దేనికీ బిగించకుండా ఉందనుకుని వేసిన లెక్క. బరువైన మొద్దుకు బిగిస్తే ఇంకా మేలు. ఎదురుగా మరో మనిషి 5 కిలోల సమ్మెట వేస్తుంటే మాత్రం 30 కిలోల దిమ్మ వాటా 86 శాతానికి పడిపోతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి ఆ అవసరం ఇప్పట్లో రాదు.

అయితే ఆ బరువంతా దెబ్బ పడే చోటికి సూటిగా కిందే ఉండాలి. రైలు పట్టా ముక్కను అందరూ పడుకోబెట్టి వాడతారు, చూడటానికి దాగలిలా కనిపిస్తుందని. కానీ 60 కిలోల రకం పట్టాకు నడిమి రేకు మందం 16.5 మిల్లీమీటర్లే. చివర్ల మీద కొడితే అది స్ప్రింగులా ఊగి దెబ్బను మింగేస్తుంది. అదే ముక్కను నిలువుగా పాతండి. మీటరుకు 60 కిలోలు కనుక అర మీటరు ముక్కలో 30 కిలోల ఉక్కు సుత్తి కిందే నిలబడుతుంది. పైన మిగిలే ముఖం సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పే. ఇంత చిన్నదా అనిపిస్తుంది గానీ, సుత్తి ముఖం అంతకన్నా చిన్నది కదా.

పట్టా ముక్క కొనేటప్పుడు రసీదు అడిగి తీసుకోవాలి. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం. రైల్వే తన తుక్కును వేలంలో అమ్ముతుంది, ఆ దారిన వచ్చిన సరుకైతే కాగితం ఉంటుంది. ఈ గొడవే వద్దనుకుంటే తుక్కు దుకాణంలో మందపాటి ఉక్కు దిమ్మ, లారీ ఇరుసు ముక్క, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ము ముక్క వెతకవచ్చు. పెద్ద సమ్మెట తలను మొద్దులో దిగేసినా చిన్న పనులు నడుస్తాయి.

చవకగా దొరుకుతోంది కదా అని పోత ఇనుప దాగలి మాత్రం కొనకండి. మామూలు పోత ఇనుములో కార్బన్ 2 శాతం పైమాటే. అందులో చాలా భాగం గ్రాఫైట్ పొరలుగా విడిపోయి ఉంటుంది. పగులు ఆ పొరల వెంటే పాకుతుంది కాబట్టి అంచులు పెళుసుగా ఊడిపోతాయి. పరీక్షకు ఒక బేరింగ్ గుండు చాలు. 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే మంచి దాగలి మీద అది 18 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా ఎగురుతుంది. వట్టి పోత ఇనుము మీద నీరసంగా లేస్తుంది. పట్టా ముక్క మీద కూడా మేలురకం దాగలి మీద లేచినంత లేవకపోవచ్చు. దానికి బెంగ అక్కర్లేదు. కాలిన ఇనుము కన్నా అది ఎన్నో రెట్లు గట్టిది. ఈ గుండు పరీక్షకు ఉన్న పేరు కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం.

పాతడానికి చింత మొద్దు దొరికితే అదృష్టమే. నార నిలువుగా ఉండేలా నిలబెట్టి, గాడి తొలిచి, దిమ్మ కదలకుండా చుట్టూ చెక్క మేకులు బిగించాలి. నిలబడి పనిచేసేవాళ్లు చేయి కిందికి వదిలి పిడికిలి బిగిస్తే కణుపులు దాగలి ముఖాన్ని తాకేటంత ఎత్తు సరిపోతుంది. పదునైన అంచులు వేడి ఇనుములో గాట్లు పెడతాయి కనుక గ్రైండరుతో కొద్దిగా గుండ్రం చేయాలి, ఒక్క మూలను మాత్రం విరుపులకు వదిలేయాలి. కొమ్ము లేని లోటు తీరడానికి లావుపాటి కడ్డీ ముక్కను మొద్దు పక్కన అడ్డంగా బిగించుకుంటే వంపులన్నీ దానిమీదే తిరుగుతాయి.