మోటారు సైకిలు హ్యాండిలు - చేతుల తిమ్మిరి

చిప్పగిరినుండి ఆలూరు మీదుగా ఆదోనికి మోటారు సైకిలుపై పోవువారిలో పలువురు, బండి దిగినంతనే చేతులు విదల్చుకొనుచుందురు. త్రోవలోని గతుకులే యిందుకు కారణమని తలచుట వాడుక. అది సగమే నిజము. తక్కిన సగము ఇంజనునందు కలదు. దీనిని గూర్చి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును కొంత తెలుపదలచితిమి.

ఒంటి సిలిండరు ఇంజనులో పిస్టను మీదికిని క్రిందికిని పరుగెత్తుచుండును గనుక బండి చట్రమంతయు నదరును. ఇంజను నిమిషమునకు 3000 మార్లు తిరిగినచో సెకనుకు 50 అదురులు పుట్టును. 1955లో మద్రాసున నెలకొన్న ఎన్‌ఫీల్డు ఇండియావారి బుల్లెట్టు బండి నడిపినవారికి ఈ యదురు బాగుగా తెలియును. 2020లో వచ్చిన మీటియారు 350 బండిలో ఈ యదురును తగ్గించుటకై సమతూకపు ఇరుసు నమర్చిరి. పాత బుల్లెట్లకు అట్టి సదుపాయము లేదు.

చేతుల కదురు తగులుట చిన్న సంగతి కాదు. 1918లో ఆలిస్ హామిల్టను అను అమెరికా వైద్యురాలు, ఇండియానా రాష్ట్రములోని బెడ్‌ఫర్డున గాలిసుత్తెలతో రాళ్లు చెక్కువారిని పరీక్షించి, వారి వ్రేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారుచున్నవని తెలిపెను. మోటారు సైకిలు ఆదురు అంతటి తీవ్రము కాకపోవచ్చును; కాని తిమ్మిరెక్కిన చేయి సమయమునకు బ్రేకును సరిగా పట్టజాలదు. అపాయమచ్చటనే యున్నది.

తిమ్మిరి కలుగగానే క్రొత్త హ్యాండిలు కొనుటకు పరుగెత్తరాదు. మొదట ఇంజనును పట్టియుంచు బోల్టులును, హ్యాండిలు బిగింపు బోల్టులును, కోన్‌సెట్టును, టైర్ల గాలియు చూడవలెను. పిడిని గట్టిగా పిడికిలించక, మణికట్టు వంగకుండ, తేలికగా పట్టుకొనవలెను. పెక్కుమందికి ఇంతతోనే ఊరట కలుగును.

అప్పటికిని మార్పు కావలసినచో హ్యాండిలు కొలతను చూడవలెను. సాధారణముగా పిడి యెక్కు చోట దాని లావు 22 మిల్లీమీటర్లు. నడుమ 28.6 మిల్లీమీటర్ల లావు గలవియు అమ్ముదురు. అవి పాత బిగింపులో ఇమడవు. పొడవును తేలికయునైన హ్యాండిలు ఒక్కొక్కప్పుడు అదురును హెచ్చించును. ఊయలను దాని యూపునకు సరిగా త్రోసినచో చిన్న త్రోపునకే మిక్కిలి యెత్తునకు పోవును గదా! ఇంజను అదురును హ్యాండిలు సహజపు టూపును కలిసినప్పు డిట్లే యగును. కొనలయందు ఇనుప బరువులు బిగించినచో హ్యాండిలు ఊపు నెమ్మదించి, ఆ కలయిక తప్పును. మెత్తని పిడులు సన్నని యదురును కొంత తగ్గించునే గాని మూలమును మాన్పవు.

బిగించునప్పుడు బోల్టులను ఒక్కటొక్కటిగా కొంచెము కొంచెము, బండి పుస్తకములో చెప్పినంత బలముతోనే త్రిప్పవలెను. మేమొకసారి ఎత్తైన హ్యాండిలు వేయించితిమి. బండిని నిలిపియుంచి, ఇంజను నడచుచుండగా హ్యాండిలును పూర్తిగా ఎడమకు త్రిప్పితిమి. ఎవ్వరును యాక్సిలరేటరు ముట్టకయే ఇంజను రొద హెచ్చినది! కేబులు పొట్టిదై లాగుకొనుటయే కారణము. ఇది ఆదోని బజారు మలుపులో జరిగియుండినచో ఎదుటివారి గతి యేమి? కావున బండి రోడ్డెక్కకముందే హ్యాండిలును రెండు వైపులకు తుదివరకు త్రిప్పి, యాక్సిలరేటరు, క్లచ్చి కేబుళ్లును, బ్రేకు గొట్టమును, దీపపు తీగలును లాగుకొనకుండుట చూడవలెను. హ్యాండిలు ట్యాంకును తాకరాదు.

ఇంకొక మాట. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. సందేహమున్నచో రవాణా కార్యాలయమున అడిగి తెలిసికొనుట మేలు.

గేరు బండి నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. అంతవరకు విద్యార్థులారా, మీ తండ్రిగారు స్పానరు పట్టినప్పుడు దీపము చూపుచు, ఈ పరీక్షను మరువకుండ గుర్తుచేయుడు. చేతులు దేవుడు మనకిచ్చిన పనిముట్లు. వానిని కాపాడుకొనుట మన విధి.