తమాలే: అపోహలు – వాస్తవాలు

మెక్సికోలో క్రిస్మస్‌కైనా, చనిపోయినవాళ్లను తలుచుకునే నవంబరు పండగకైనా తమాలేలు ఉండాల్సిందే. మొక్కజొన్న ముద్దలో మాంసమో, చీజో, మిరపకాయలో పెట్టి, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. కోనసీమ పొట్టిక్కలు తిన్నవాళ్లకు ఆకులో ఉడికే వంట కొత్తేమీ కాదు. అసలు తేడా పిండిలో ఉంది. అపోహలూ అక్కడే మొదలవుతాయి.

అపోహ: ఏ మొక్కజొన్న పిండి అయినా సరిపోతుంది.
వాస్తవం: సరిపోదు. సూప్ చిక్కబడటానికి వాడే తెల్లటి కార్న్‌ఫ్లోర్ ఉత్త స్టార్చ్. మర పట్టించిన మక్కపిండికి సాగే గుణం తక్కువ, రొట్టె తట్టాలన్నా వేడినీళ్లు పోయాలి. తమాలేకు ఎండు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా అందులోనే ఉంచి, పొట్టు పోయేలా కడిగి రుబ్బుతారు. ఆ ముద్దే మాసా. దాన్ని ఎండబెట్టి పొడి చేసి అమ్మేది మాసా హరీనా.

అపోహ: సున్నం పొట్టు ఊడటానికే.
వాస్తవం: మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ చాలావరకు ఒంటికి అందని రూపంలో ఉంటుంది. సున్నం దాన్ని విడిపిస్తుంది. కొలంబస్ తర్వాత మొక్కజొన్న యూరప్ చేరింది గానీ ఈ పద్ధతి దాని వెంట వెళ్లలేదు. మొక్కజొన్న మీదే బతికిన పేదల్ని నియాసిన్ అందక వచ్చే పెల్లాగ్రా పట్టుకుంది. ఆ జబ్బును 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పార్ కసాల్ గుర్తించాడు. అయితే తినడానికి పనికొచ్చే సున్నమే వాడాలి, గోడలకు వేసేది కాదు.

అపోహ: పంది కొవ్వు లేకపోతే అది తమాలే కాదు.
వాస్తవం: మెక్సికోకు పందులు వచ్చిందే 16వ శతాబ్దంలో, స్పెయిన్ వాళ్లతో. తమాలే అంతకు ఎంతో పాతది. ముద్ద గుల్లబారడానికే కొవ్వు. వెన్న, నూనె వేసి చేసేవాళ్లూ ఉన్నారు. ఏది వేసినా బాగా గిలక్కొట్టాలి. చిటికెడు ముద్ద నీళ్లలో వేస్తే తేలాలి.

అపోహ: మొక్కజొన్న పొత్తు ఆకుల్లోనే చుట్టాలి, ఆకుతో సహా తినాలి.
వాస్తవం: ఒహాకా, యుకతాన్ ప్రాంతాల్లో అరిటాకు వాడతారు. ఏ ఆకైనా విప్పి పక్కన పెట్టాల్సిందే. 1976లో టెక్సస్ వెళ్లిన అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఆకు తీయకుండానే కొరికి వార్తలకెక్కాడు.

అపోహ: దించగానే మెత్తగా ఉంటే ఉడకనట్టే.
వాస్తవం: వేడి మీద మెత్తగానే ఉంటుంది. గంట, గంటన్నర ఉడికాక ముద్ద ఆకుకు అంటకుండా విడివడితే చాలు. పొయ్యి కట్టేసి పావుగంట వదిలేస్తే బిగుస్తుంది.

అపోహ: ఇది పండగలకే వండేది.
వాస్తవం: మెక్సికో సిటీలో పొద్దున్నే వీధి బండి దగ్గర దొరికే టిఫిన్ ఇది. బన్ను మధ్య పెట్టి కూడా అమ్ముతారు. పండగ నాడు మారేది లెక్కే. జనవరి 6 పండగ నాటి తీపి రొట్టెలో దాచిన చిన్న బొమ్మ ఎవరి ముక్కలో వస్తే, ఫిబ్రవరి 2న అందరికీ తమాలేలు పెట్టాల్సింది వాళ్లే. అన్ని చుట్టడానికి ఒక్కరి చేతులు చాలవు కాబట్టి ఇంటిల్లిపాదీ పీటలేసుకుని కూర్చుంటారు.