బొప్పాయి నారులో ఏది ఉంచాలి, ఏది పీకేయాలి?

పండు కోసి పారేసిన గింజలు పెరట్లో గుత్తులుగా మొలుస్తాయి. వంగ, మిరప నారైతే బలమైన మొక్క ఉంచుకుంటే సరిపోతుంది. బొప్పాయికి అది చాలదు. ఎంత ఏపుగా ఎదిగినా మగ మొక్కయితే కాయదు.

మొదటి ఏరివేత తేలికే. మొదలు మెత్తబడి వాలిన మొలకలకు నారుకుళ్లు సోకినట్టే, తీసేయండి. ఆకులు ముడుచుకుని పసుపు మచ్చలు పడినవీ ఉంచొద్దు, అది వైరస్ తెగులు. ఆ వైరస్‌ను పేనుబంక పక్క మొక్కలకు మోసుకెళ్తుంది.

మిగిలినవాటిలో ఆడవేవో ఇప్పుడే తెలియదా? తెలియదు. నల్ల గింజ ఆడదనీ, తల్లివేరు తిన్నగా దిగితే మగదనీ చెబుతుంటారు. ఆ మాట నమ్మి మంచి మొక్కను పోగొట్టుకోకండి. ఆకుతో డీఎన్‌ఏ పరీక్ష చేయవచ్చు గానీ పెరటి చెట్టుకు ఆ ఖర్చు దండగ. నాలుగు నుంచి ఆరు నెలల్లో పూత వస్తుంది, అదే చెబుతుంది.

అందాకా గుంతకు ఎన్ని ఉంచాలి? మగ చెట్లున్న తోటలో కాసిన పండు గింజలైతే ఆడ, మగ సగం సగం. ఒక్క మొక్కే నాటితే ప్రతి రెండిళ్లలో ఒకరికి కాయ ఉండదు. రెండు నాటితే నాలుగిళ్లలో ఒకరికి, మూడు నాటితే ఎనిమిదిళ్లలో ఒకరికి అన్నీ మగవే వస్తాయి. నాలుగోది కలిపితే పదహారిళ్లలో ఒకరికే గానీ, గుంతలో ఇరుకు పెరుగుతుంది. నా లెక్కలో మూడే సరి. జానెడు ఎత్తు నారును గుంతలో జానెడు ఎడంగా మూడు మూలల్లో నాటండి.

బజారులో కొన్న కోల పండు గింజలైతే లెక్క మారుతుంది. అది ద్విలింగ చెట్టుది, అంటే ఒకే పువ్వులో కేసరాలూ పిందె కట్టే భాగమూ ఉన్న చెట్టుది. సొంత పుప్పొడితో కట్టిన పండయితే మూడు మొక్కల్లో సగటున రెండు ద్విలింగాలు, ఒకటి ఆడది. మగది రాదు. దగ్గర్లో మగ చెట్టు పుప్పొడి పడి ఉంటే మాత్రం రావచ్చు. ఇక్కడ గుంతకు ఒకటి చాలు, మరొకటి భరోసాకు. రెడ్ లేడీలాంటి సంకర రకం గింజలకు తల్లి పండు రుచే వస్తుందని మాత్రం ఆశించకండి.

పూత దగ్గరగా చూడండి. పొడవాటి కాడకు సన్న పూలు గుత్తులుగా వేలాడితే మగది. ఆడ పువ్వు కాండానికి ఆనుకుని ఉంటుంది. రేకులు విప్పితే అడుగున గుండ్రటి బుడిపె, కేసరాలు ఉండవు. ద్విలింగ పువ్వులో ఆ బుడిపె కోలగా ఉంటుంది, చుట్టూ పసుపు కేసరాలు కనిపిస్తాయి.

తేలాక ఒకటే ఉంచండి. తక్కినవాటిని పీకొద్దు, వేళ్లు పెనవేసుకుని ఉంటాయి. నేలమట్టానికి కోసేయండి.

మగవన్నీ తీసేయాలా? తోటల్లో పది ఆడ చెట్లకు ఒక మగ చెట్టు ఉంచుతారు, పుప్పొడి కోసం. ఇంట్లో ఒకే ఆడ చెట్టుంటే, మగది కోసే ముందు పక్కిళ్ల పెరళ్లు ఒకసారి చూడండి. అక్కడ మగదో ద్విలింగమో ఉంటే మీది నిశ్చింతగా కోసేయవచ్చు.