ఎత్తుకునేటప్పుడు ప్రజలది, అమ్మేటప్పుడు కంపెనీది

సినిమాలో లేని పాటకు మన వాడుకలో ‘ప్రైవేటు పాట’ అనే పేరు స్థిరపడిపోయింది. ఈ మాటను ఒక్కసారి ఆగి విని చూడండి. నాట్లు వేసే కూలీలు కలిసి పాడుకున్న పాట, బతుకమ్మ చుట్టూ ఊరి ఆడవాళ్లంతా తిరుగుతూ పాడిన పాట ప్రైవేటు పాటట! ఒక నిర్మాత పెట్టుబడితో తయారై, ఒక కంపెనీ పేర అరవై ఏళ్లపాటు ఆస్తిగా చెల్లుబాటయ్యే సినిమా పాట మాత్రం జనం పాటట! ఇటీవల ఇదే సరుకుకు ‘ఇండీ’ అనే ఇంగ్లీషు ముద్ర కూడా పడింది. స్వతంత్రం అని దాని భావం. పెద్ద కంపెనీలే ‘ఇండీ’ పాటలు విడుదల చేస్తున్న ఈ రోజుల్లో అది ఎవరి నుంచి స్వతంత్రమో తేల్చి చెప్పడం కష్టం.

తెలంగాణలోనూ ఉత్తరాంధ్రలోనూ గత పదేళ్లలో పల్లె గాయకులు చిన్న చిన్న స్టూడియోలలో పాటలు రికార్డు చేసి యూట్యూబులో పెట్టుకోవడం పెరిగింది. సినిమా అండ లేకుండానే 2021లో ‘బుల్లెట్టు బండి’ పెళ్లి ఊరేగింపులన్నిటా మోగింది. ఇది మంచి పరిణామమే. కానీ ఈ పాటల వెనకాలే ఒక తగాదా కూడా నడిచి వస్తున్నది. పాట ఎవరిది? సాహిత్య విద్యార్థులు ఈ తగాదాను సినిమా కబుర్ల కింద కొట్టివేయడానికి వీల్లేదు. ఎందుకంటే ఇందులో పరిశ్రమ వాడుకుంటున్న ఆయుధం మన పాఠ్యపుస్తకాలలోదే.

బిరుదురాజు రామరాజుగారు జానపద గేయ సాహిత్యం మీద ఉస్మానియాలో పరిశోధన చేసిన నాటినుంచి మనం తరగతి గదిలో చెబుతున్న మాట ఒకటుంది: జానపద గేయానికి కర్త అజ్ఞాతం, ప్రచారం మౌఖికం, సొత్తు సమష్టిది. శాస్త్రానికి ఇది లక్షణం. పరిశ్రమ చేతిలో ఇదే అనుమతిపత్రం అయింది. ‘కర్త లేడు గనక ఎవరినీ అడగనక్కరలేదు’ అని దాని తర్జుమా. సమష్టి సొత్తు అన్న మాటకు ఎవరి సొత్తూ కాదు అనే అర్థం ఎక్కడినుంచి వచ్చిందో ఆ పెద్దలే చెప్పాలి. ఊరుమ్మడి చెరువు ఎవరిదీ కాదని ఎవరైనా గట్టు తెంపితే ఊరు ఊరుకుంటుందా?

చట్టం ఏమంటుందో కొంచెం వివరంగా చూడాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ఒక పాటలో మూడు వేర్వేరు ఆస్తులను గుర్తిస్తుంది: సాహిత్యం, సంగీతం, రికార్డు. మొదటి రెండింటికీ కర్త చనిపోయాక అరవై ఏళ్లవరకు హక్కు ఉంటుంది. మూడోదానికి విడుదలైన నాటినుంచి అరవై ఏళ్లు. రికార్డుకు కర్త అంటే దానికి పెట్టుబడి పెట్టిన నిర్మాతే. పాడిన మనిషికి మొదట్లో ఏ హక్కూ లేదు. 1977లో ఒక ప్రసిద్ధమైన కేసులో సుప్రీంకోర్టు, సినిమా కోసం రాయించుకున్న పాటకూ బాణీకీ వేరే ఒప్పందం లేకపోతే నిర్మాతే తొలి యజమాని అని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకే జస్టిస్ కృష్ణయ్యర్ ఒక అనుబంధం రాస్తూ, గాయకుడికి మన చట్టంలో చోటు లేకపోవడాన్ని పార్లమెంటు పట్టించుకోవాలన్నారు. పట్టించుకోవడానికి పదిహేడేళ్లు పట్టింది. 1994 సవరణలో ‘ప్రదర్శకుడు’ అనే మాట చట్టానికెక్కింది. ఆ నిర్వచనంలో గాయకుడితోపాటు గారడీవాడూ పాములవాడూ కూడా ఉన్నారు, సంతోషమే. 2012 సవరణ కవులకూ సంగీతకర్తలకూ రాయల్టీని వదులుకోజాలని హక్కుగా చేసింది, గాయకులకూ కొంత వాటా చెప్పింది.

ఇన్ని సవరణలలోనూ కనబడని మనిషి ఒకరున్నారు. తల్లినుంచో అత్తనుంచో పాటను విని, గుర్తుపెట్టుకుని, మరిచిపోయిన చరణాన్ని అతికి, ఇంకొకరికి అందించిన మనిషి. ఆమె కవయిత్రి కాదు, సంగీతకర్త కాదు. మైకు ముందు నిలబడి పాడితే ప్రదర్శకురాలు అవుతుంది గానీ, ఆమె పాటనే మరొకరు పాడితే ఆమెకు ఏ హక్కూ మిగలదు. జానపద పాటలో మొదటి రెండు ఆస్తులకూ యజమాని లేడు. మూడోదానికి మాత్రం ఉన్నాడు. అంటే యంత్రం ఎవరిదో పాట వారిది. 1982లో యునెస్కో, ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కలిసి జానపద కళల రక్షణకు నమూనా చట్టనిబంధనలు తయారుచేశాయి. మన కాపీరైటు చట్టంలో మాత్రం అలాంటి అధ్యాయం నేటికీ లేదు.

2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగదరియా’ పాట మీద వచ్చిన వివాదం ఈ ఖాళీలో పుట్టిందే. పల్లవి జనంలో ఉన్నది, చరణాలు సుద్దాల అశోక్ తేజ రాసినవి, గొంతు మంగ్లీది. ఈ పాటను అంతకు ముందే టీవీ వేదిక మీద పాడిన కోమలి అనే జానపద గాయని, తన అమ్మమ్మనుంచి సేకరించానని, తనను మరిచారని బాధపడ్డది. చివరికి దర్శకుడు ఆమెకు గుర్తింపూ ప్రతిఫలమూ ఇస్తామని బహిరంగంగా ప్రకటించాడు. ఇక్కడ ఎవరో ఒకరిని దొంగగా నిలబెట్టడం తేలిక, నిష్ప్రయోజనం కూడా. గమనించవలసింది వేరే ఉంది. గుర్తింపు ఆమెకు హక్కుగా రాలేదు. గొడవ పెద్దదయ్యాక మర్యాదగా వచ్చింది. గొడవ పెట్టలేని వాళ్ల సంగతేమిటి?

బెంగాల్‌లో ఇంతకంటే చేదు ఉదాహరణ ఉంది. బీర్‌భూమ్ జిల్లాకు చెందిన రతన్ కహార్ 1970ల మొదట్లో కట్టిన పాటను 1976లో స్వప్నా చక్రవర్తి రికార్డు ఇచ్చింది. పాట రాష్ట్రమంతా పాకింది, కట్టిన మనిషి పేరు రాలిపోయింది. 2020లో బాద్‌షా అనే ర్యాప్ గాయకుడు దాని పల్లవిని తీసుకుని పెద్ద కంపెనీ ద్వారా విడుదల చేసినప్పుడు అది ‘బెంగాలీ జానపదం’ అయిపోయింది. జనం నిలదీశాక, పాత రికార్డులలో కర్త పేరు కనబడలేదని బాద్‌షా జవాబిచ్చాడు. కహార్‌కు ఐదు లక్షల రూపాయలు పంపాడు. ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు. భయం కలిగించేది అదే. మొదటి రికార్డు మీద పేరు వేయకపోవడం ఒక తప్పిదం. రెండో తరానికి అదే ప్రమాణపత్రం. బతికున్న కర్తను అజ్ఞాతకర్తగా మార్చడానికి యాభై ఏళ్లు కూడా అక్కరలేదన్నమాట. 2024లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

ఇక పరిశ్రమ రెండో ముఖం. తీసుకునేటప్పుడు ‘ఇది ప్రజలది’ అన్న నోరే, రికార్డు తయారై బయటికి రాగానే ‘సర్వహక్కులు మావి’ అంటుంది. క్యాసెట్ల రోజుల్లో ఈ వేట పోలీసుల చేత సాగేది. ఇప్పుడు యంత్రం చేస్తున్నది. యూట్యూబులో హక్కుదారు తన పాటను నమూనాగా అప్పగిస్తే, కొత్తగా ఎక్కే ప్రతి పాటనూ యంత్రం దానితో పోల్చి చూస్తుంది. స్వరం కలిస్తే ఆ వీడియో ఆపవచ్చు, లేదా దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు హక్కుదారు తీసుకోవచ్చు. యంత్రానికి ముందు ఎవరు పాడారన్నది తెలియదు, ముందు ఎవరు నమూనా అప్పగించారన్నదే తెలుసు. అందుచేత పల్లెలో తరాలుగా ఉన్న బాణీ మీద ఆ పల్లె మనిషికే అభ్యంతరం నోటీసు రాగలదు. జవాబు చెప్పుకునే వీలుందంటారు. ఉంది. ఫారాలు నింపి, కంపెనీ వకీళ్లతో తలపడే వీలు!

పాట చేతులు మారడమే నేరం అనడం నా ఉద్దేశం కాదు. జనం బాణీలు లేకుండా ప్రజానాట్యమండలి లేదు. బండి యాదగిరి కట్టిన ‘బండెనక బండి’ని ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడాక అది లక్షల గొంతుల్లోకి పోయింది. ఎవరూ దాని చుట్టూ కంచె వేయలేదు. తీసుకోవడానికీ కంచె వేయడానికీ ఉన్న ఈ తేడాను పరిశ్రమ కావాలనే చెరిపేస్తున్నది. అయితే యాదగిరి పేరు తెలియకుండానే ఆ పాట పాడినవాళ్లు మన సభల్లో తక్కువమంది లేరు. మన పాటల పుస్తకాలు తీసి చూస్తే ‘జానపద బాణీ’ అన్న రెండు మాటల కింద ఎంతమంది పేర్లు పూడిపోయి ఉన్నాయో! సేకర్త పేరు అట్ట మీద ఉంటుంది, పాడి వినిపించిన మనిషి పేరు లోపల కూడా ఉండదు. ఎం.ఏ., పిహెచ్.డి. కోసం పాటలు సేకరిస్తున్న విద్యార్థులు ప్రతి పాట కిందా పాడినవారి పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చారో, ఏ తేదీన విన్నారో రాసి అచ్చువేస్తే, రేపు కోర్టులో ‘కర్త ఎవరో కనబడలేదు’ అనే జవాబుకు ఎదురుగా చూపడానికి ఒక కాగితమైనా ఉంటుంది.