తెర వెనక వీడియో టికెట్ అమ్ముతుందా?

నాటకం వ్యాపారంలో ఓ చిక్కుంది. ఈ రోజు ఖాళీగా మిగిలిన కుర్చీని రేపు అమ్ముకోలేం. అందుకే అమెరికాలో బ్రాడ్‌వే సంగీత నాటకాల వాళ్లు పోస్టర్లతో ఆగకుండా మేకప్ గదిలోకి కెమెరా తీసుకెళ్లారు. నటులే రిహార్సల్స్, దుస్తులు, తోటివాళ్ల అల్లరి చూపిస్తుంటారు. 2015లో 'హామిల్టన్' బృందమైతే 10 డాలర్ల లాటరీ టికెట్ కోసం థియేటర్ బయట నిలబడ్డ జనానికి చిన్న చిన్న ప్రదర్శనలిచ్చింది. ఆ వీడియోలు యూట్యూబ్‌లో తెగ తిరిగాయి.

పాటల నాటకం మనకేం కొత్త కాదు. ఆగా హసన్ అమానత్ ఉర్దూలో 'ఇందర్ సభ' రాసింది 19వ శతాబ్దంలోనే. తెలుగులో సురభి ఉండనే ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో 'కీచకవధ' ఆడటంతో మొదలైంది. తరతరాలుగా ఇంటిల్లిపాదీ కళాకారులే, ఆడ వేషాలు ఆడవాళ్లే వేస్తారు. తెర వెనక వీడియోకి ఇంతకన్నా మంచి సరుకు దొరకదు.

కానీ 'మాయాబజార్'లో లడ్డూలు ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరి పడతాయి. ఆ కిటుకు కూడా వీడియోలో చూపించేస్తే టికెట్ కొని ఆశ్చర్యపోయేదేముంది? పిల్లలకు రంగు వేయడం, తెరలు కట్టడం చూపించాలి, కిటుకు దాచుకోవాలి.

ఇంకో లెక్కుంది. ములకలపల్లిలో సెల్‌లో చూసి లైక్ కొట్టినవాళ్లు నాటకం కోసం హైదరాబాద్ దాకా పోరు. వ్యూస్ వేలల్లో ఉన్నా గల్లాపెట్టె నిండదు. కొత్తగూడెంలోనో భద్రాచలంలోనో ఆట ఉంటే, వారం ముందు వీడియో వదిలి కిందనే తేదీ, టికెట్ ధర పెడితే ఆ సంగతి వేరు.